రెమ్మా చెక్కా ఒకటే అనుకున్న నేను

పోయిన నెల నా వీడ్కోలు విందులో మా ఆఫీసు కుర్రాడొకడు మైకు పట్టుకుని నా గురించి ఒక కథ చెప్పాడు. సింగపూర్‌లో మూర్తిగారి మొదటి ప్రాజెక్టు చైనా మూలికల దుకాణమట. అక్కడ ఒక ముసలి వైద్యుడికి చెయ్యి తప్పి తప్పుడు మందులు రాస్తుంటే మూర్తిగారి కంప్యూటరే పట్టుకుందట. ఆయన సిగ్గుపడి వైద్యం మానేశాడట. అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు.

నా నోట్లో కేకు ఉంది. అది మింగాక కూడా నేనేమీ అనలేదు.

ఆ కుర్రాడి తప్పేమీ లేదు. ఆ కథలో మొదటి ముక్క నేనే ఎప్పుడో చెప్పాను. రెండో ముక్క నా రూమ్మేటు సుధాకర్ చేర్చాడు. మిగతాది ఏళ్ల తరబడి ఎవరెవరో నింపారు. కొత్తగా చేరినవాళ్ల శిక్షణ తరగతుల్లో కూడా దాన్ని చెప్పడం నేను విన్నాను, విని ఊరుకున్నాను. జరిగింది అది కాదు. తప్పు చేసింది కంప్యూటరు, అంటే నేను. ఆ వైద్యుడు చువా గారి చెయ్యి ఏమీ తప్పలేదు. కనీసం నాకు తెలిసినంతలో తప్పలేదు. ఇలా రాస్తున్నప్పుడు కూడా ఆ ‘నాకు తెలిసినంతలో’ అన్న మాట చేర్చక తప్పడం లేదు. ఈ వ్యవహారంలో నాకు కచ్చితంగా తెలిసింది చాలా తక్కువ.

ఆసుపత్రులకూ మందుల దుకాణాలకూ ప్రోగ్రాములు రాసే పనిలోకి మన పిల్లలు చాలామంది వస్తున్నారు. వాళ్ల కోసం, ఇంకా చువా గారి పేరు కోసం ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు.

అందరికీ బ్యాంకులు, నాకు మూలికలు

రెండు వేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోతాయని భయపడుతున్న రోజులవి. అమీర్‌పేటలో ఏదో ఒక కోర్సు చేసినవాడికల్లా విమానం టిక్కెట్టు దొరికేది. బెడోక్‌లో ఒక ఫ్లాటు తీసుకుని మన కుర్రాళ్లం కలిసి ఉండేవాళ్లం. మిగతావాళ్లంతా బ్యాంకుల్లో. నన్ను మాత్రం కాంట్రాక్టు కంపెనీ ఒక చైనా మందుల దుకాణానికి పంపింది. వెనక గదిలో వైద్యం, ముందు మందుల కౌంటరు. యజమాని ఆంగ్ గారికి అలాంటివి మూడు దుకాణాలున్నాయి.

రోజూ సాయంత్రం ఇంటికి రాగానే సుధాకర్ మొదలుపెట్టేవాడు. వాడిది కరీంనగర్.

"ఏం మూర్తి, ఇయ్యాల ఎన్ని ఎండు బల్లులు లెక్కవెట్టినవ్?"

"నీ బ్యాంకులో ఉన్నవాటికంటే తక్కువేలేరా," అనేవాణ్ణి. కానీ సిగ్గుగానే ఉండేది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ‘ఫార్మా ప్రాజెక్టు’ అని చెప్పేవాణ్ణి.

ఆంగ్ గారికి కంప్యూటరు ఎందుకో ఆయనకే తెలియదు. పక్క వీధి దుకాణంవాడు కొన్నాడు, అంతే. బూమ్ అంటే నా దృష్టిలో అదే. ఏం కావాలో ఎవరికీ తెలియదు, కానీ అందరికీ కంప్యూటరు కావాలి. అదే ఊపులో ఆయన ఇంకో మార్పు కూడా చేశాడు. గోడ నిండా ఉన్న చెక్క సొరుగుల్లోంచి మూలికలు తీసి, చేతి తాసులో తూచి, కాగితంలో కట్టి ఇచ్చే పద్ధతి మానేసి, ఆ మూలికల సారం తీసి చేసిన పొడులు తెప్పించాడు. అన్నీ ఒకేలాంటి తెల్ల ప్లాస్టిక్ సీసాలు. మరగబెట్టే పని లేదు, వేణ్ణీళ్లలో కలుపుకుని తాగడమే.

వెనక గదిలో కూర్చునే వైద్యుడు చువా గారు. అక్కడ చైనా వైద్యుణ్ణి సిన్‌సే అంటారు. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. అరవై దాటిన మనిషి, సన్నగా ఉండేవాడు. రోగి మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి కళ్లు మూసుకునేవాడు. పక్కనే రేడియో మోగుతున్నా, బయట ఆంగ్ గారు అరుస్తున్నా వినపడనట్టే ఉండేవాడు.

ఒక చెట్టు, రెండు మందులు

సుధాకర్ పనిచేసే యంత్రాల గది మంచుగడ్డలా ఉండేది. అందులోంచి ఎండలోకి, ఎండలోంచి అందులోకి తిరిగి తిరిగి వాడికొక జ్వరం పట్టుకుంది. ఒంటికి చెమట పడుతూనే ఉంది, అయినా వణుకు. మెడా కుడి భుజమూ బిగుసుకుపోయాయి. క్లినిక్‌లో ఇచ్చిన మాత్రలు పనిచేయలేదు. నవ్వుతూనే నా వెంట దుకాణానికి వచ్చాడు.

అప్పటికి పొడులు ఇంకా రాలేదు, సొరుగులే. సిన్‌సే నాడి చూసి దాల్చిన చెట్టు రెమ్మలు, ఒక తెల్ల వేరు, అల్లం, ఎండు రేగుపళ్ల లాంటి ఎర్రటి పళ్లు, అతిమధురం కట్టించాడు. కషాయం తాగి, పైన వేడి గంజి తాగి, దుప్పటి కప్పుకుని పడుకోమన్నాడు. చెమట సన్నగా పట్టాలి, కారకూడదు అన్నాడు.

"గంజి తాగి దుప్పటి కప్పుకునుడు మా అవ్వ గూడ చెప్తది. దీనికి సింగపూర్ దాక రావాల్నా?" అన్నాడు సుధాకర్ నాతో.

మూడు రోజుల్లో లేచి తిరిగాడు. మందు వల్లనా, గంజి వల్లనా, సెలవు దొరకడం వల్లనా, నేను చెప్పలేను.

నాకొక సందేహం వచ్చి సిన్‌సేను అడిగాను. దాల్చిన అంటే మేము మసాలాలో వేసేదే కదా అని. ఆయన లేచి రెండు సొరుగులు లాగి చూపించాడు. ఒకదాంట్లో పుల్లల్లాంటి సన్న రెమ్మలు ముక్కలుగా కోసి ఉన్నాయి. వాటిని గ్వేజీ అంటారు. రెండోదాంట్లో చుట్టుకుపోయిన మందపాటి చెక్క.

"ఒకే చెట్టు, లాహ్," అన్నాడు, అక్కడివాళ్ల ఊతపదం చేర్చి. "కానీ రెమ్మ ఎటు పెరుగుతుంది? బయటికి. అందుకే మందు కూడా బయటికి పోతుంది. చర్మానికి, భుజాలకి, చేతులకి. చెక్క మానుది. అది కిందికి దిగుతుంది. నడుముకి, పాదాలకి. అది బాగా వేడి. ఒంట్లో చలి లోతుగా ఉన్నవాడికే ఇవ్వాలి."

"మీకెలా తెలుసు?"

"నా గురువు చెప్పాడు."

"ఆయనకెలా తెలుసు?"

"నువ్వేంటి, పోలీసా?" అని సొరుగులు మూసేశాడు.

నేను తలూపాను కానీ మనసులో నవ్వుకున్నాను. రెమ్మ బయటికి పెరుగుతుంది కాబట్టి మందు బయటికి పోవడమేమిటి? ఇప్పుడు అనిపిస్తుంది, ఆ నవ్వుకు నాకేం అర్హత ఉందని. ధనియాలూ కొత్తిమీరా ఒకే మొక్కవి. చారులో ధనియాల బదులు కొత్తిమీర వేసి రెండూ ఒకటే అంటే మా అమ్మ ఊరుకునేదా? ఆ కారణం నమ్మకపోవచ్చు. తేడా ఉందన్న మాట మాత్రం వినాల్సింది.

శుభ్రం చేయడం

పొడులు వచ్చాక సరుకంతా కంప్యూటర్లోకి ఎక్కించాను. ఒకే మందు రకరకాల పేర్లతో వచ్చిపడేది. మాండరిన్ పేరు, హొక్కియెన్ పేరు, ఇంగ్లీషు పేరు. మా వృత్తిలో ఒక నీతి ఉంది, ఒక వస్తువుకు ఒకే గుర్తు ఉండాలి. నేను దాన్ని వేదవాక్కులా పట్టుకున్నాను. ప్రతిదానికీ మొక్క శాస్త్రీయ నామం ఉంది. ఆ నామం ఒకటైతే వస్తువు ఒకటే అని తీర్మానించి, అలాంటివన్నీ కలిపేసే చిన్న ప్రోగ్రాము రాశాను. ఆకో, వేరో, కాయో వేరువేరుగా చెప్పి ఉన్నవాటిని వదిలేసింది. దాల్చిన విషయంలో మాత్రం సరఫరాదారు ఏ భాగమో రాయాల్సిన గడి ఖాళీగా వదిలాడు. ప్రోగ్రాము ఆగి నన్ను అడిగింది, కలపమంటావా అని.

ఇక్కడ నేను యంత్రం మీదికి నెట్టడానికి లేదు. నేను ఆ రెండు వరుసల వైపూ చూశాను. ‘రెండూ దాల్చినేగా’ అనుకున్నాను. కలిపేశాను. తెర మీద పేర్లు రెండూ ఉన్నాయి, కానీ చెక్క పొడి నిల్వ ఎక్కువ ఉంది కాబట్టి దాని సీసా నంబరే మిగిలింది.

ఆ రోజు నుంచి సిన్‌సే తన గదిలో తెర మీద రెమ్మ పేరు నొక్కితే, కౌంటరు దగ్గర చీటీ మీద చెక్క సీసా నంబరు వచ్చేది. నంబరు, బరువు, అంతే. పేరు లేకుండా నేనే చేశాను. చైనా లిపి రానివాళ్లు కూడా మందు కట్టగలరని అప్పుడు దాన్ని గొప్పగా చెప్పుకున్నాను. రెండు పొడులూ ఎర్రటి గోధుమ రంగే, రెండింటిదీ దాల్చిన వాసనే. కౌంటరు దగ్గర ఉండే గెక్ ఆంటీ సొరుగుల కోసం వంగి లేచే పని తప్పినందుకు నన్ను దీవించేది.

"మూర్తీ, నీ కంప్యూటరు నా మోకాళ్లకి మంచి మందు. సిన్‌సే మందు కంటే మంచిది," అని వెనక గదికి వినపడేలా అనేది.

సుధాకర్ ముక్కు

డిసెంబరు వానల్లో సుధాకర్‌కు మళ్లీ అదే చలి జ్వరం వచ్చింది. సిన్‌సే నాడి చూసి మళ్లీ అదే మందు తెర మీద నొక్కాడు. రెండు రోజులు తాగాడో లేదో నోరంతా పూసింది, దాహం, నిద్ర లేదు.

"గిదేం మందు మూర్తి? ముక్కుల కెల్లి నెత్తురొస్తుంది. దెబ్బలు తిన్న విలన్ లెక్క ఆఫీసుకు పోతున్న," అని రుమాలు చూపించాడు.

తీసుకెళ్లాను. సిన్‌సే నాలుక చూసి మొహం చిట్లించాడు. ఎర్రగా ఉంది. మళ్లీ నాడి పట్టుకున్నాడు. ఈ చెయ్యి, ఆ చెయ్యి, మళ్లీ ఈ చెయ్యి.

"నాడి చలి అంటోంది. నాలుక వేడి అంటోంది. మొన్న నేనేం విన్నాను?" అని తనలో తనే అనుకున్నాడు. నాడి చూడడాన్ని ఆయన వినడం అనేవాడు.

అల్లం తగ్గించాడు. రెమ్మ అలాగే ఉంచాడు, అది తేలిక మందు కాబట్టి. అంటే చెక్క అలాగే ఉంది. బాధ ఇంకా పెరిగింది. సుధాకర్ మందు మానేశాడు, మానేశాక తగ్గింది. ఆ తర్వాత బెడోక్‌లో కనపడిన మనవాళ్లందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. "ముసలాయనకు చెయ్యి పోయింది బై. పోకుండ్రి."

వాడొక్కడే కాదు. ఇంకొందరు ఒళ్లు మంటలని తిరిగి వచ్చారు. సిన్‌సే నాడి చూడడానికి పట్టే సమయం పెరుగుతూ పోయింది. ఒకసారి ఒక రోగిని "ఇవాళ నాకు వినపడడం లేదు, రేపు రండి," అని పంపేశాడు. బయట కూర్చున్నవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అన్నం తింటూ కూడా ఆయన తన మణికట్టు తనే పట్టుకుని కూర్చోవడం చూశాను. నలభై ఏళ్లుగా నమ్ముకున్న వేళ్లను ఆయన అనుమానిస్తున్నాడు. ఆ గదిలో ఆయనకున్న ఆస్తి ఆ వేళ్లే.

నాకు జాలేసింది. వయసు మీద పడింది పాపం అనుకున్నాను.

గెక్ ఆంటీ ఒకరోజు సరుకు తెప్పించమని చెబుతూ విసుక్కుంది. "ఈ సీసా ఇట్టే అయిపోతుంది. పక్కదానికి మాత్రం సీలు కూడా తీయలేదు. పైన దుమ్ము పేరుకుంటోంది చూడు."

సీలు తీయని సీసా రెమ్మది. గబగబా వెళ్లి రెండింటినీ మళ్లీ విడదీశాను. గంట కూడా పట్టలేదు.

ఆంగ్ గారి మాట

ఆంగ్ గారు చెడ్డ యజమాని కాదు. దీపావళికి నాకు మిఠాయి డబ్బా ఇచ్చాడు. ఆయనతో అంతా చెప్పాను.

"సరిచేశావా?"

"చేశాను."

"మరింకేంటి?"

"సిన్‌సేకి చెప్పాలి కదా."

ఆయన తలుపు దగ్గరికి వేశాడు. "చెప్తే ఆయన ఊరుకుంటాడా? ప్రతి రోగికీ ఫోన్ చేస్తాడు. ఒక్కొక్కరికీ సారీ చెప్తాడు. పేపరువాళ్లు వస్తారు. మూడు దుకాణాలూ మూసుకోవాలి. ఎవరూ చావలేదు, లాహ్. కాస్త వేడి చేసింది. బార్లీ నీళ్లు తాగితే పోతుంది."

నా వర్క్ పర్మిట్ గురించి ఆయన ఒక్క మాట అనలేదు. దాని గురించి నేనే అనుకున్నాను. ఇప్పటినుంచి సరైన మందు వెళుతుంది, రోగులకు నయమవుతుంది, సిన్‌సే ధైర్యం దానంతటదే తిరిగి వస్తుంది, చెప్పాల్సిన అవసరమే ఉండదు. ఇదీ నా లెక్క. వినడానికి ఇప్పటికీ బాగానే ఉంటుంది.

పెద్దవాళ్లు నోరు మూసుకోమన్నారు కాబట్టి మూసుకున్నాను అని చెప్పుకునేవాళ్లు మా వృత్తిలో చాలామంది ఉన్నారు. నా విషయంలో మాత్రం ఆయన తలుపు వేసే లోపే నేను ఒప్పుకుని ఉన్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకున్న రోజు

ఒక మధ్యాహ్నం వాన. రోగులు లేరు. సిన్‌సే నన్ను లోపలికి పిలిచాడు.

"కూర్చో. చెయ్యి పెట్టు. నేను చెప్పేది తప్పైతే తప్పు అను. మర్యాద వద్దు. నాకు తెలియాలి."

చొక్కా గుండీ విప్పి చెయ్యి దిండు మీద పెట్టాను. ఆయన వేళ్లు చల్లగా ఉన్నాయి. చాలాసేపు పట్టుకున్నాడు.

"నిద్ర పట్టడం లేదు."

నిజం.

"తిండి సయించడం లేదు."

నిజం.

"ఇక్కడ," అని తన రొమ్ము కింద వేలు పెట్టి చూపించాడు, "ఏదో ఆగి ఉంది. చెప్పాల్సిన మాట చెప్పనివాళ్లకి ఇలా ఉంటుంది."

నాకు భయం వేసింది. నాడిలో అది కూడా తెలుస్తుందా? ఆంగ్ గారు చెప్పేశారా? లేక గెక్ ఆంటీ అనుమానించి ఏమైనా అందా? ఇవన్నీ ఒకేసారి తలలో తిరిగాయి.

"లేదు సిన్‌సే. బాగానే నిద్రపోతున్నాను. బాగానే తింటున్నాను. లోపల ఏమీ లేదు."

"మూడూ తప్పా?"

"తప్పే."

ఆయన నా చొక్కా చేతి గుండీ తనే పెట్టాడు. పిల్లాడికి పెట్టినట్టు నెమ్మదిగా పెట్టి, "థాంక్యూ," అన్నాడు. చైనా కొత్త సంవత్సరం సెలవులకు వెళ్లినవాడు మళ్లీ రాలేదు. ఆరోగ్యం బాగాలేదని ఆంగ్ గారు అందరికీ చెప్పారు. ముసలాయన పొరపాట్లు చేస్తున్నాడని బయట ఎలాగూ తెలుసు. కంప్యూటరు వచ్చాకే బయటపడింది అని ఎవరో అన్నారు. నేను కాదనలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగేది ఒక్కటే ఉంది. తప్పును దిద్దడం తేలిక. మన తప్పు చూపించిన ఫలితాన్ని చూసి మధ్యలో ఎవరు ఏం నమ్మేశారో, అది వెతికి దిద్దాలి. అది ఏ ప్రోగ్రామూ చేయదు. నేను చేయలేదు.

పాసిర్ రిస్‌లో

వీడ్కోలు విందు అయిన వారానికి గెక్ ఆంటీని పట్టుకుని చువా గారి చిరునామా అడిగాను. కూతురి దగ్గర, సింగపూర్ తూర్పు చివరన పాసిర్ రిస్‌లో ఉంటున్నాడు. ఎనభై దాటాయి. ఎవరో గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. "బల్లుల కుర్రాడు," అన్నాడు నవ్వుతూ. సుధాకర్ వేళాకోళం ఆయనకూ తెలుసన్నమాట.

అంతా చెప్పాను. సరిగ్గా వినపడక కొన్ని మాటలు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అలాంటి మాటలు గట్టిగా అరిచి చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

"అయితే నా వేళ్లు కాదా?"

"కాదు."

"ఆ రోజు నీ చెయ్యి?"

"మూడూ నిజమే సిన్‌సే."

ఆయన అరచేయి తిప్పి తన వేళ్లు చూసుకున్నాడు. మొహం వెలిగింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆలస్యంగానైనా మంచి పని చేశాననుకున్నాను. ఆ ఆనందం ఎంతోసేపు నిలవలేదు.

"ఎప్పటినుంచి ఎప్పటివరకు?"

"వానలు మొదలైనప్పటినుంచి, మీ చైనా కొత్త సంవత్సరం ముందు వరకు."

ఆయన ఏదో ఆలోచించాడు. తర్వాత అడిగాడు. "మరి బాగైనవాళ్ల సంగతి?"

నాకు అర్థం కాలేదు.

"మేడం సియూ. ఆ వానల్లోనే వచ్చింది. చేతులూ కాళ్లూ మంచు. నేను రెమ్మ రాశాను. అద్భుతంగా తగ్గింది. నేను మానేసినా ఆమె నన్ను వదల్లేదు. ఇప్పటికీ వస్తుంది. నాడి చూపించుకుని, ఏ సూపు తాగాలో అడిగి పోతుంది. అందరినీ తప్పు విన్నాను, ఈమె ఒక్కదాన్ని సరిగ్గా విన్నాను అనుకున్నాను ఇన్నాళ్లూ." నా వైపు చూశాడు. "ఆమె తాగింది చెక్కా?"

"అవును."

"పాదాలకి దిగేది."

"అవును సిన్‌సే."

"అయితే ఆమెకి నేను రాసింది తప్పు. నువ్వు ఇచ్చింది కరెక్టు."

"అలా అనలేం. రెమ్మ ఇచ్చినా తగ్గేదేమో."

"తగ్గేదా?"

"తెలియదు."

"నాకూ తెలియదు, లాహ్," అన్నాడు. ఈసారి నవ్వలేదు.

ఆయన పోగొట్టుకున్నదాన్ని తిరిగి ఇద్దామని వచ్చి, మిగిలిన ఒక్కటీ పట్టుకుపోతున్నానా? చెప్పకుండా ఉండాల్సిందా?

బెల్లు మోగింది. డెబ్బై ఏళ్ల ఆవిడ ఒకరు ఆకుకూరలున్న చక్రాల సంచీ లాక్కుంటూ లోపలికి వచ్చింది. నన్ను ఎగాదిగా చూసి, పక్క కుర్చీలో టిష్యూ ప్యాకెట్టు పడేసి, అక్కడివాళ్ల పద్ధతిలో ఆ చోటు తనదని చోప్ చేసింది.

"ఎవరీయన? కొత్త పేషెంటా? ఇవాళ నా రోజు. నా తర్వాతే."

"నేను వెళ్లిపోతున్నానండీ," అని లేచి గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కోవడం మొదలుపెట్టాను.

మేడం సియూ చెయ్యి జాపి బల్ల మీద పెట్టింది. చువా గారి చెయ్యి సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఆయన ఆమె మణికట్టును చూశాడు, నన్ను చూశాడు.

"తొందరగా కానివ్వు సిన్‌సే. నా బస్సు పోతుంది," అని ఆమే ఆయన చెయ్యి పట్టుకుని లాగి, ఆ మూడు వేళ్లూ తన మణికట్టు మీద పెట్టుకుంది.

ఆయన కళ్లు మూసుకున్నాడు.

"ఏమంటోంది?" అంది ఆమె.

నా లేసులు కట్టుకోవడం ఎప్పుడో అయిపోయింది. నేను ఇంకా అక్కడే వంగి ఉన్నాను, ఆయన ఏం చెబుతాడో వినాలని.